అపోప్టోసిస్: రాలడానికి గ్రీకు పేరు

పులివెందుల చీనీ తోటల్లో పూత కోసం కొన్నాళ్లు నీళ్లు ఆపుతారు. ఆకు రాలుతుంది, చెట్టు బతుకుతుంది. చెట్టు నుంచి ఆకులు, పూరేకులు రాలడాన్ని చెప్పే గ్రీకు మాటే అపోప్టోసిస్. అబర్డీన్‌లో గ్రీకు ఆచార్యుడు జేమ్స్ కార్మాక్ సూచించగా, 1972లో శాస్త్రవేత్తలు కెర్, వైలీ, కర్రీ దాన్ని కణాల క్రమబద్ధమైన చావుకు పేరుగా పెట్టారు. ఎంత చక్కని ఎంపిక! ఈ చావు మొదలయ్యే ఒక దారి ఇది: కణంలోని మైటోకాండ్రియాలోకి కాల్షియం అతిగా చేరితే దాని బయటి పొర చిట్లి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటపడవచ్చు. అప్పుడు కాస్పేజ్ ఎంజైములు మేల్కొని కణాన్ని లోపలి నుంచే విడదీస్తాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు విద్యార్థులారా, దీన్ని వట్టి ‘కణం ఆత్మహత్య’ అని బట్టీ పట్టకండి. తల్లి గర్భంలో మన వేళ్లు విడివడింది ఇలా కణాలు రాలడం వల్లే.