వగరు విలువ: తోలు నుంచి పంటి ఫిల్లింగ్ దాకా

పచ్చి కరక్కాయ కొరికితే నోరంతా ముడుచుకుపోయినట్టు ఉంటుంది. ఆ వగరుకు కారణం చెట్లలో ఉండే టానిన్లు. ఇవి మాంసకృత్తులను పట్టి బిగిస్తాయి. పచ్చి తోలు కుళ్లకుండా కరక్కాయ, తంగేడు చెక్క, తుమ్మ చెక్క నీళ్లలో ఊరబెట్టి పదును చేసే పని మన దేశంలో తరతరాలుగా సాగింది. తోలులోని కొల్లాజెన్ పోగులను టానిన్లు ఒకదానితో ఒకటి ముడివేయడమే అందులోని కిటుకు. అడవిలో కరక్కాయలు ఏరి సంతకు చేర్చినవారిలో మన పెద్దలున్నారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో కరక్కాయ కూడా ఉంది.

ఇదే కొల్లాజెన్ మన పంటిలోనూ ఉంది. పైన తెల్లగా మెరిసే ఎనామెల్ కింద ఉండే డెంటిన్ పొరలో అది వలలా అల్లుకుని ఉంటుంది. 1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో మైకేల్ బ్యూనోకోర్ ఎనామెల్‌కు ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి, దాని మీద రెసిన్ గట్టిగా అంటుకుంటుందని చూపాడు. డెంటిన్ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. ఆమ్లం పూస్తే ఖనిజం కరిగి కొల్లాజెన్ వల బయటపడుతుంది. రెసిన్ ఆ వలలోకి ఇంకి గట్టిపడి, రెండూ కలిసిన పొర ఏర్పడుతుందని 1982లో జపాన్‌కు చెందిన నకబయాషి బృందం వివరించింది.

చిక్కల్లా రెసిన్ ఇంకని చోటే. అక్కడ తడిసి ఉన్న కొల్లాజెన్‌ను పంటిలోనే ఉండే ఎంజైములు మెల్లగా కొరికేస్తాయని 2004లో పాష్లీ బృందం తెలిపింది. అతుకు బలహీనపడితే ఫిల్లింగ్ అంచున సందు పడి, పన్ను మళ్లీ పుచ్చవచ్చు.

అప్పుడు పరిశోధకుల చూపు మొక్కల మీద పడింది. ద్రాక్ష గింజల సారం, గార్డీనియా కాయల నుంచి వచ్చే జెనిపిన్ డెంటిన్ కొల్లాజెన్‌ను బలపరుస్తాయని 2007లో బెడ్రాన్-రుస్సో బృందం ప్రచురించింది. ద్రాక్ష గింజలో ఉన్నదీ టానిన్ల జాతి పదార్థమే. తోలు పదునులో జరిగిన ముడివేతే ఇక్కడ పంటిలో జరుగుతోంది. అయితే ఇబ్బందులూ ఉన్నాయి. సారం పనిచేయడానికి సమయం పడుతుంది, పంటికి రంగు అంటవచ్చు, రెసిన్ గట్టిపడటానికి అడ్డు రావచ్చు. అందుకే ఇందులో ఎక్కువ పని ఇంకా ప్రయోగశాలల్లోనే సాగుతోంది. కరక్కాయ పొడి రుద్దితే ఫిల్లింగ్ నిలుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పన్ను పుచ్చితే దంతవైద్యుని దగ్గరకే వెళ్లండి.

మన పెద్దలకు రెసిన్ తెలియదు. తెలుసని చెప్పుకోవడం వారికి గౌరవం కాదు. ఏ చెట్టు బెరడు వగరు, ఏ కాయ ఏ నెలలో ఏరాలి, ఎంత ఉంచి ఎంత కోయాలి అన్నది వారికి తెలుసు. ఆ తెలివికి విలువ కట్టవచ్చని కేరళ కాణి గిరిజనులు చూపించారు. 1987లో అగస్త్య కొండల్లో వారు చూపిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి మందు తయారైంది. లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం వారికి దక్కేలా ఒప్పందం కుదిరింది. 2002 జీవవైవిధ్య చట్టం కూడా ఇలాంటి ప్రయోజనాల పంపిణీకి దారి చూపింది.

రాసి ఉన్నదానికే రేపు సాక్ష్యం ఉంటుంది. కాబట్టి మీ ఊరి అవ్వలను, తాతలను అడగండి. చెట్టు పేరు మన భాషలో ఏమిటి, ఏ భాగం వాడతారు, ఎందుకు వాడతారు అన్నది గ్రామసభ అనుమతితో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయించండి. మీలో ఒకరు రేపు ఆ ప్రయోగశాలలో నిలబడి, ఆ చెట్టును మన పేరుతోనే పిలవాలి.