సీఏ రాయడానికి ఎన్నేళ్లుండాలి?

మేరీ హారిస్ స్మిత్‌కు లండన్‌లో సొంత ఆఫీసుంది, ఖాతాదారులున్నారు, లెక్కల్లో మంచి పేరుంది. లేనిదల్లా పేరు చివర రాసుకునే హోదా. 1891లో ఇంగ్లండ్ చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే, ఆడవాళ్లను చేర్చుకునే పద్ధతి లేదని తిప్పి పంపారు. అప్పటికామె నలభైల్లో ఉంది. వృత్తుల్లో ఆడ, మగ తేడా చూడకూడదని 1919లో చట్టం వచ్చాక, 1920లో సంస్థ తలుపు తీసింది. ప్రపంచంలో తొలి మహిళా చార్టర్డ్ అకౌంటెంట్ అయ్యేనాటికి ఆమె వయసు 75. అదీ పరీక్ష రాసి కాదు, అప్పటిదాకా చేసిన పని చూసి ఇచ్చిన సభ్యత్వం. అందరితోపాటు పరీక్ష హాల్లో కూర్చుని నెగ్గిన మొదటి మహిళ ఎథెల్ వాట్స్. అది 1924లో.

లెక్కల పరీక్షకు వయసు ఎప్పుడూ అడ్డం కాలేదు. అడ్డం పడినవన్నీ వేరే. ఏ ఊళ్లో పుట్టారు, ఎవరి దగ్గర పని నేర్చుకోగలరు, ఇంట్లో ఎన్నాళ్లు పోషించగలరు, ఒక్కోసారి జైలుకు వెళ్లొచ్చారా లేదా అన్నది కూడా.

మన దేశంలో కంపెనీల లెక్కలు తనిఖీ చేసేవారికి అర్హత ఉండాలని 1913 కంపెనీల చట్టం అడిగింది. అర్హత ఇచ్చే పరీక్ష మాత్రం ఇక్కడ లేదు. బ్రిటిష్ సంస్థల సభ్యులకు ఆ హక్కు నేరుగా దక్కేది. కావాలనుకున్నవాళ్లు ఓడెక్కి వెళ్లి, అక్కడి ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ అనే శిక్షణ చేయాలి. ఆ రోజుల్లో జీతం మాట దేవుడెరుగు, శిష్యుడే గురువుకు ‘ప్రీమియం’ అని ఎదురు డబ్బు కట్టేవాడు. అంత స్తోమత ఉన్న ఇళ్లెన్ని? 1918లో బొంబాయి ప్రభుత్వం అకౌంటెన్సీ డిప్లొమా పరీక్ష మొదలుపెట్టడంతో సముద్రం దాటే అవసరం కొంత తీరింది. జీడీఏ అని పిలిచే ఆ డిప్లొమాకూ ఆడిటర్ దగ్గర మూడేళ్ల శిక్షణ తప్పదు.

ఆ జీడీఏ 1933లో పాసైన మద్రాసు మహిళ ఆర్. శివభోగం. 1907లో పుట్టారు కాబట్టి అప్పటికి పాతికేళ్లు. అంతకుముందే స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని ఏడాదిపాటు వేలూరు జైల్లో ఉన్నారు. పరీక్షైతే గట్టెక్కారు గానీ, జైలుకు వెళ్లినవాళ్లు అకౌంటెంట్‌గా నమోదు కాకూడదన్న నిబంధన ఎదురైంది. ఆమె కోర్టుకెక్కి గెలిచారు. దేశంలో తొలి మహిళా చార్టర్డ్ అకౌంటెంట్‌గా ఆమెనే చెప్పుకుంటారు. 1950లలో చార్టర్డ్ అకౌంటెంట్ల దక్షిణ భారత ప్రాంతీయ మండలికి అధ్యక్షురాలయ్యారు కూడా. పరీక్షకంటే ఆ కోర్టు మెట్లే కష్టమయ్యుంటాయి.

1949 జూలై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం అమల్లోకి వచ్చింది, వాళ్ల జాతీయ సంస్థ ఐసీఏఐ పుట్టింది. తొలి అధ్యక్షుడు జి.పి. కపాడియా. వయసు గురించి చట్టం చెప్పింది ఒక్కటే మాట: 21 నిండనివాళ్ల పేరు రిజిస్టర్లో చేర్చరు. పైహద్దు ఊసే లేదు.

పైహద్దు లేకపోయినా చాలాకాలం సీఏ అంటే డిగ్రీ తర్వాతి సంగతే. బీకాం పూర్తిచేసిన కుర్రాడు తెలిసినవాళ్ల సిఫార్సుతో ఒక ఆడిటర్ గారి దగ్గర చేరేవాడు. గుంటూరు లాంటి ఊళ్లో అయితే పత్తి మిల్లుకో మిర్చి కొట్టుకో వెళ్లి, చిట్టా, ఆవర్జా ముందేసుకుని, ఒక్కో వోచరుకూ రంగు పెన్సిల్‌తో టిక్ పెడుతూ, పేజీ అడుగున కూడికలు సరిచూస్తూ కూర్చోవడం. సాయంత్రం చేతులకు ఇంకు, ముక్కుకు మిర్చి ఘాటు. రాత్రికి పుస్తకం.

సీఏలోకి దిగే వయసు తగ్గడం మొదలైంది ఇంటర్ తర్వాతే నేరుగా దిగే దారి గట్టిపడ్డాక. ప్రవేశ పరీక్షలుగా 2006లో సీపీటీ, 2017లో ఫౌండేషన్ వచ్చాయి. 2020 నుంచి పదో తరగతి అవగానే ఫౌండేషన్‌కు పేరిచ్చుకోవచ్చు. 2023లో ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు కుదించారు. ఎంపీసీ, బైపీసీ తప్ప మాట్లాడని ఇళ్లలోనూ ఎంఈసీ పేరు వినపడుతోంది. గుంటూరుకు సీఏ కోచింగ్ ఊరన్న పేరొచ్చి చాలాకాలమైంది.

పేపరు మాత్రం ఏ వయసువాళ్లకూ ఒక్క మార్కు వదలదు. ప్రతి పేపర్లో 40 రావాలి, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. మూడు పేపర్ల గ్రూపులో 80, 80, 39 వచ్చినవాడు తప్పాడు. 40, 45, 60 తెచ్చుకున్నవాడు ఏ పేపరూ తప్పలేదు, కానీ మొత్తం 145, అయిదు మార్కులతో అగ్రిగేట్ పోయింది. అరవై వచ్చిన పేపరుకు మళ్లీ రాయనక్కర్లేని ఎగ్జెంప్షన్ దొరుకుతుంది. అది తర్వాతి మూడు అటెంప్టులదాకా చెల్లుతుంది. సీఏ వాళ్లు కాలాన్ని ఏళ్లలో కాక అటెంప్టుల్లో కొలవడం ఊరికే రాలేదు.

2021లో మధ్యప్రదేశ్‌లోని మురైనాకు చెందిన 19 ఏళ్ల అమ్మాయి ఫైనల్లో దేశంలో మొదటి ర్యాంకు కొట్టి గిన్నిస్‌కెక్కింది. 1949 నాటి సెక్షన్ ప్రకారం ఆమె పేరు రిజిస్టర్లో చేరాలంటే మాత్రం 21 నిండేదాకా ఆగాల్సిందే. నాలుగేళ్ల తర్వాత, 2025లో, జైపూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన 71 ఏళ్ల వయసులో ఫైనల్ గట్టెక్కాడు. మనవరాలికి సీఏ పాఠాలు చెబుతూ చెబుతూ తనే దిగాడట. ఫైనల్ ఒకసారి తప్పి, మళ్లీ రాశాడు.

ఆ 2025 నుంచే ఫైనల్‌ను ఏడాదికి మూడుసార్లు పెట్టడానికి నిర్ణయించారు: జనవరి, మే, సెప్టెంబరు. మునుపు మే, నవంబరుల్లోనే ఉండేది. ఆ లెక్కన అటెంప్టు పోతే ఎదురుచూపు ఆర్నెల్లు కాదు, నాలుగు నెలలు. పెళ్లి సంబంధాలు వస్తున్న పాతికేళ్ల అమ్మాయికైనా, పెన్షన్ తీసుకుంటున్న తాతకైనా ఆ రెండు నెలలు చిన్నవేం కావు.