సెక్షన్ 245: పెళ్లికీ గ్రీన్ కార్డుకూ మధ్య ఒక చట్టం పుట్టుపూర్వోత్తరాలు

అమెరికా పౌరుణ్ని గానీ పౌరురాలిని గానీ పెళ్లాడినవారు ఆ దేశంలో ఉండగానే గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చన్న సంగతి మన ఊళ్లలో కూడా చాలామందికి తెలుసు. ఐ-130 (కుటుంబ పిటిషన్), ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) ఫారాలు కలిపి వేశారనీ, ఇంటర్వ్యూ తేదీ వచ్చిందనీ ఫోన్లలో కబుర్లు వింటూనే ఉంటాం. హోదా మార్పు అనే ఈ దారి (వలస చట్టంలో సెక్షన్ 245) గురించి రెండు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. క్యూలో నిలబడకుండా దొడ్డిదారిన లోపలికి పోవడమని కొందరంటారు. విమాన ఖర్చు తప్పించే చిన్న వెసులుబాటేనని ఇంకొందరంటారు. దాని చరిత్రను మొదటినుంచీ చూస్తే ఈ రెండూ నిలవవు. వలస చట్టం దేశం లోపల ఉన్న మనిషితో ఒక తీరుగా, గుమ్మం బయట నిలబడిన మనిషితో ఇంకో తీరుగా వ్యవహరిస్తుంది. లోపలున్నవాడు అడిగితే కారణం చెప్పాలి, బయటున్నవాడు అడిగితే చెప్పనక్కర్లేదు. పెళ్లి చేసుకున్న ఇద్దరికి హోదా మార్పు ఇచ్చే అసలు మేలు అదే: తమ మాట చెప్పుకోవడానికి ఒక చోటు.

పెళ్లికీ పౌరసత్వానికీ మధ్య పేచీ ఈ సెక్షన్ కంటే పాతది. 1907 నాటి చట్టం ప్రకారం విదేశీయుణ్ని పెళ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. 1922లో కేబుల్ చట్టం దాన్ని చాలావరకు సరిచేసింది గానీ, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ని పెళ్లాడితే పాత శిక్షే మిగిలింది. మరుసటి ఏడాదే భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు ఆ అనర్హుల జాబితాలోకే వస్తారని తేల్చింది. అంటే ఆ రోజుల్లో ఒక భారతీయుణ్ని వరించిన అమెరికా యువతి, పుట్టిన గడ్డ మీదే పరాయిదయ్యేది. ఆ మినహాయింపును తొలగించడానికి 1931 దాకా పట్టింది. భారతీయులకు పౌరసత్వ అర్హత, ఏడాదికి 100 మంది కోటా 1946లో లూస్-సెల్లర్ చట్టంతో గానీ రాలేదు. ఈలోగా 1924 చట్టం దేశాలవారీ కోటాలు పెట్టి, పౌరుల భార్యలను వాటి లెక్కనుంచి తప్పించింది. భర్తలకు మొదట ఆ మినహాయింపు లేదు. 1928లో కొందరికి దక్కింది, 1952లో చట్టం భార్యాభర్తలను ఒకే మాటతో సమానం చేసింది.

అదే 1924 చట్టంలో ఇంకో నియమం ఉంది: స్థిరపడేందుకు వచ్చేవారు విదేశంలోని అమెరికన్ కాన్సులేట్‌లో వీసా తీసుకునే రావాలి. అప్పటికే దేశంలో ఉన్నవారి సంగతేమిటో అది చెప్పలేదు. ఆ చిక్కు నుంచి బయటపడటానికి 1935లో వలస శాఖ ఒక ఉపాయం కనిపెట్టింది. దాని పేరు ప్రీ-ఎగ్జామినేషన్. అర్హత ఉన్న మనిషిని ముందే అమెరికాలో పరీక్షించి, తిరిగి రానిస్తామని కెనడాకు హామీ ఇచ్చేవారు. ఆ మనిషి సరిహద్దు దాటి, కెనడాలోని అమెరికన్ కాన్సులేట్‌లో వీసా వేయించుకుని, శాశ్వత నివాసిగా వెనక్కి వచ్చేవాడు. నిర్ణయమంతా బయలుదేరకముందే అయిపోయేది, ప్రయాణం కేవలం తంతు. పైగా ఆ తంతుకు కూడా అందరూ నోచుకోలేదు. యూరప్ నుంచి వచ్చినవారికి తెరుచుకున్న ఈ తలుపు మెక్సికన్లకు తెరుచుకోలేదు. 1952 నాటి మెకారన్-వాల్టర్ చట్టం సెక్షన్ 245 ద్వారా ఆ ప్రయాణాన్ని అనవసరమని ఒప్పుకుంది. మొదట వీసా హోదా కాపాడుకుంటున్నవారికే వర్తించిన ఆ సెక్షన్‌ను 1960లో సడలించి, సరిహద్దు వద్ద తనిఖీ అయి సక్రమంగా ప్రవేశించినవారికి విస్తరించారు. పుట్టుక చూస్తే ఇది దొడ్డిదారి కానే కాదు. ఉన్న పరీక్షలను ఉన్నచోటే పెట్టడం. అర్హత అదే, వైద్య పరీక్ష అదే, పోలీసు విచారణ అదే. కోటా ఉన్న తరగతుల వారికి వరస నంబరు కూడా అదే.

బయట నిలబడ్డవారి పరిస్థితి ఏమిటో ఎలెన్ నాఫ్ కేసు చూపించింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, విదేశాల్లో పెళ్లి చేసుకున్న అమెరికన్ సైనికుల భార్యలను రప్పించడానికి 1945 డిసెంబరులో వార్ బ్రైడ్స్ చట్టం చేశారు. జర్మనీలో పుట్టి, యుద్ధకాలంలో బ్రిటిష్ వాయుసేనలో పనిచేసిన ఎలెన్, ఒక మాజీ సైనికుణ్ని పెళ్లాడి 1948 ఆగస్టులో న్యూయార్క్ రేవులో దిగింది. భద్రతా కారణాలని చెప్పి ఆమెను ఎల్లిస్ ద్వీపంలో నిలిపేశారు. ఆ కారణాలేమిటో ఆమెకూ చెప్పలేదు, ఆమె భర్తకూ చెప్పలేదు, విచారణా జరపలేదు. 1950లో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపుగా చీలి ప్రభుత్వ పక్షానే నిలిచింది. పత్రికల్లో, కాంగ్రెస్‌లో గోల అయ్యాక విచారణ జరిపారు, చివరికి అప్పీలులో ఆరోపణలకు ఆధారం లేదని తేలింది. 1951లో ఆమెను లోపలికి రానిచ్చారు. మూడేళ్లకు పైగా ఒక పెళ్లిని గుమ్మంలో ఆపింది ఎవరూ పరీక్షించని ఒక అనుమానం. సాక్ష్యంతో సరిగ్గా పరీక్షించాక అది కూలిపోయింది.

పెళ్లి పేరుతో మోసాలు జరగవా అంటే జరుగుతాయి. ఇది తేలిగ్గా తోసేసే అభ్యంతరం కాదు. 1953 నాటి లుట్వాక్ కేసులో, కలిసి బతకాలన్న ఉద్దేశం లేకుండా పారిస్‌లో ఉత్తుత్తి పెళ్లిళ్లు చేసుకుని వార్ బ్రైడ్స్ చట్టం కింద మనుషులను తెచ్చినవారిని సుప్రీంకోర్టు దోషులుగానే నిలబెట్టింది. అయితే మోసాన్ని పట్టే పనిముట్లు లోపలి దారిలోనే పదునెక్కాయి. పెళ్లినాడు ఇద్దరూ కలిసి కాపురం చేయాలనుకున్నారా లేదా అన్నదే కొలబద్ద అని 1975లో బార్క్ కేసులో అప్పీళ్ల కోర్టు చెప్పింది. తరువాత విడిపోయారా అన్నది సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు. ఆ దశకంలోనే న్యూయార్క్‌లో స్టోక్స్ దావా ఫలితంగా, దంపతులను వేరువేరుగా ప్రశ్నించే ఇంటర్వ్యూకు నిబంధనలు ఏర్పడ్డాయి. న్యాయవాదిని వెంట తెచ్చుకోవచ్చు, తమకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యాన్ని చూసి జవాబు చెప్పుకోవచ్చు. ఇలా పద్ధతిగా సాగిన విచారణ దొంగ పెళ్లినీ పడుతుంది, నిజమైన పెళ్లినీ కాపాడుతుంది.

పద్ధతి తప్పితే ఏమవుతుందో 1986 చెబుతుంది. అంతకుముందు ఏడాది వలస శాఖ కమిషనర్ అలన్ నెల్సన్, గ్రీన్ కార్డు దరఖాస్తుల వెనకున్న పెళ్లిళ్లలో 30 శాతం దాకా అనుమానాస్పదమని సెనేట్ ఉపసంఘానికి చెప్పారు. ఆ లెక్క ఆధారపడిన సర్వే అనుమానాలను ఎంచిందే తప్ప రుజువైన మోసాలను కాదని తరువాత బయటపడింది. ఈలోగా చట్టం అయిపోయింది. పెళ్లయి రెండేళ్లు నిండనివారికి షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్ కార్డే ఇస్తారు. గడువుకు ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి, షరతులు తొలగించమని కోరే ఐ-751 ఫారం వేయాలి. బహిష్కరణ విచారణ నడుస్తుండగా పెళ్లాడినవారు ముందు రెండేళ్లు దేశం బయట ఉండి రావాలి. ఇద్దరి సంతకం తప్పనిసరి కావడంతో, కొట్టే భర్త చేతికి ఒక ఆయుధం దొరికింది. నాలుగేళ్లలోనే, 1990లో, కాంగ్రెస్ వెనక్కి తగ్గింది. హింసకు గురైనవారు ఒంటరిగా దరఖాస్తు వేయడానికి వీలిచ్చింది. విచారణలో ఉన్నవారికి కూడా, పెళ్లి నిజమైనదని బలమైన సాక్ష్యంతో చూపితే, దేశం విడవనక్కర్లేదంది. 1994లో మహిళలపై హింస నిరోధక చట్టం మరో అడుగు వేసి, బాధితులు సొంతంగా పిటిషన్ పెట్టుకునే హక్కు ఇచ్చింది. బయటికి పంపడం ద్వారా నిజం తేలదని చట్టమే నేర్చుకున్న పాఠమిది.

గడువు మీరి ఉన్నవారిని కూడా క్షమిస్తున్నారు కదా, నియమం పాటించినవాడు వెర్రివాడా అన్నది రెండో అభ్యంతరం. 1976లో అనుమతి లేకుండా పనిచేసినవారికి, 1986లో స్టేటస్ పోగొట్టుకున్నవారికి కాంగ్రెస్ ఈ దారి మూసింది. రెండుసార్లూ పౌరుల భార్యాభర్తలను ఉద్దేశపూర్వకంగానే మినహాయించింది. శిక్ష పడేది ఆ ఒక్క మనిషికే కాదు, ఏ తప్పూ చేయని పౌరుడికి కూడా అన్నదే అందులోని న్యాయం. 1996 చట్టం తరువాత ఈ మినహాయింపు విలువ ఇంకా పెరిగింది. అక్రమంగా 180 రోజులు దాటి ఉండి దేశం విడిచినవారికి మూడేళ్లు, ఏడాదో ఆపైనో ఉండి విడిచినవారికి పదేళ్లు తిరిగి ప్రవేశం లేదు. నిషేధం మొదలయ్యేది దేశం విడిచిన రోజున. ఒకప్పుడు కెనడా వెళ్లి రావడం తంతు, ఇప్పుడు అదే ప్రయాణం పదేళ్ల ఎడబాటు. ఇక విజిటర్ వీసా మీద వచ్చి పెళ్లాడటమేమిటన్న ప్రశ్నకు జవాబు సూటిగా ఉంది. ప్రవేశించేటప్పుడు అబద్ధం చెబితే అది వేరే నేరం, వేరే నిషేధం. అబద్ధమేదీ లేకుండా, మనసులో ముందే ఆ ఆలోచన ఉందన్న ఒక్క కారణంతో పౌరుడి భార్యకో భర్తకో కార్డు నిరాకరించరాదని 1980లో కవాజోస్ కేసులో వలస అప్పీళ్ల బోర్డు చెప్పింది.

తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర దూరపు సంగతి కాదు. హెచ్-1బీ మీద పనిచేస్తున్న అబ్బాయి అక్కడే పుట్టిన తెలుగమ్మాయిని పెళ్లాడితే రెండు ఫారాలూ ఒకేసారి వేయొచ్చు. అదే అబ్బాయికి ఉద్యోగం మీద గ్రీన్ కార్డు వచ్చాక ఇక్కడ పెళ్లయితే, భార్య గ్రీన్ కార్డుదారుల కుటుంబాలకు ఉద్దేశించిన ఎఫ్2ఏ తరగతిలో, వరస ఎంతవరకు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ చూస్తూ కూర్చోవాలి. కార్డు రాకముందే పెళ్లయి ఉంటే అతని కేసులో భాగంగానే ఆమెకూ దక్కేది. ముహూర్తం ఎప్పుడన్న ప్రశ్న ఇలా చట్టం ప్రశ్న అయింది. గుడిలో జరిగిన పెళ్లికి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో వివాహాల నమోదును తప్పనిసరి చేసిన 2002 నాటి చట్టాన్ని పట్టించుకోనివారికి దాని అవసరం ఇక్కడే తెలిసొస్తుంది. ఆల్బమ్, ఇద్దరి పేర్ల మీద ఇంటి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, బీమా కాగితాలు ఫైల్లో పెట్టుకుని వెళ్లాలి. ఇవన్నీ చికాకే, అయినా అధికారి వాటిని చూసి తీరాలి. కాదంటే కారణం రాసివ్వాలి. బహిష్కరణ కేసు పెడితే, సక్రమంగా ప్రవేశించిన మనిషి అదే దరఖాస్తును వలస న్యాయమూర్తి ముందు మళ్లీ పెట్టుకోవచ్చు.

బయటి గుమ్మం మాత్రం ఎలెన్ నాఫ్ కాలం నుంచి పెద్దగా మారలేదు. శాండ్రా మునోజ్ అమెరికా పౌరురాలు, న్యాయవాది. ఆమె భర్త సరిహద్దు వద్ద తనిఖీ లేకుండా వచ్చినవాడు కావడంతో లోపలి దారి దొరకలేదు. 2015లో స్వదేశమైన ఎల్ సాల్వడార్‌లో కాన్సులేట్ ఇంటర్వ్యూకు వెళితే, నేరం చేసే ఉద్దేశంతో వస్తున్నాడన్న సెక్షన్ నంబరు ఒక్కటి చెప్పి వీసా నిరాకరించారు. అతని ఒంటి మీది పచ్చబొట్లను కూడా చూసి ముఠాతో సంబంధం అంటగట్టారని దావా వేశాక గానీ అధికారికంగా తెలియలేదు. భర్తను దేశంలోకి తెచ్చుకునే ప్రాథమిక హక్కు పౌరురాలికి లేదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరిని రానివ్వాలో తేల్చుకునే అధికారం ఏ దేశానికైనా ఉంటుంది, నిజమే. ఆ అధికారానికి పరీక్ష అవసరం గానీ దూరం అవసరం లేదు. లోపల ఉండి అడిగే దారి పరీక్షల్లో ఏ ఒక్కటీ తగ్గించలేదు. జవాబు చెప్పే బాధ్యతను మాత్రం అధికారి మీద పెట్టింది. అందుకే హోదా మార్పును తగ్గించాలనే వాదన వచ్చినప్పుడల్లా 1986ను గుర్తుచేయాలి, బయటి గుమ్మం దగ్గర కూడా కారణం చెప్పే కట్టుబాటు తెమ్మని అడగాలి. పెళ్లి నిజమో కాదో తేల్చాల్సింది సాక్ష్యం. ఆ సాక్ష్యం వినే చోటు ఇద్దరూ కలిసి బతుకుతున్న చోటే ఉండాలి.