ఎడిటింగ్ సిస్టమ్ వేడెక్కుతోందా? తక్కువ బడ్జెట్‌లో కూలింగ్, పార్ట్స్ ఇలా ఎంచుకోండి

రాయవరం: ముహూర్తాలు మొదలయ్యాయంటే వీడియో ఎడిటర్లకు నిద్ర ఉండదు. రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పెళ్లి వీడియో రెడీగా ఉండాలి. తీరా లేచి చూస్తే బార్ సగంలోనే ఉంటుంది, లేదంటే సిస్టమ్ దానంతటదే ఆఫ్ అయిపోయి ఉంటుంది. ప్రాసెసర్ పాతబడిందనుకుని కొత్తది కొనేవాళ్లున్నారు. చాలాసార్లు అసలు కారణం వేడి.

హద్దు దాటి వేడెక్కితే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఇంటెల్ ఐ5-12400కి ఆ హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 5 5600కి 90. గాలిదైనా, లిక్విడ్‌దైనా ఏ కూలరూ గది కంటే చల్లగా చేయలేదు. గదిలో వేడి 10 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్‌లోనూ దాదాపు అంతే పెరుగుతుంది. ఏసీ గదిలో తీసిన రివ్యూ వీడియోలో 70 డిగ్రీలు చూపించిన సిస్టమ్, మే నెలలో రేకుల గదిలో 85 దాటినా ఆశ్చర్యం లేదు. పైగా గేమ్‌లో లోడ్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఎక్స్‌పోర్ట్‌లో అలా కాదు, గంటల తరబడి ఒకే పట్టు.

లిక్విడ్ కూలర్ కావాలా?

ఈ బడ్జెట్‌లో అక్కర్లేదు. పై రెండూ 65 వాట్ల తరగతి చిప్‌లే. ఐ5-12400 గట్టిగా పనిచేసినప్పుడు 117 వాట్ల వరకు వెళ్తుంది. బాక్స్‌లో వచ్చే చిన్న కూలర్ లాక్కొస్తుంది కానీ రొద ఎక్కువ. నాలుగు హీట్ పైపులు, 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ రెండు వేల రూపాయలకు అటూఇటూగా దొరుకుతుంది, అది చాలు. ఫ్యాన్ పోతే ఫ్యాన్ ఒక్కటే మార్చుకోవచ్చు. లిక్విడ్ కూలర్‌లో పంపు పోతే మొత్తం మార్చాల్సిందే, అది వచ్చేదాకా పని బంద్. కూలర్ ఎత్తు క్యాబినెట్‌లో పడుతుందో లేదో ముందే చూసుకోవాలి.

అసలు మోసం క్యాబినెట్ దగ్గర జరుగుతుంది. ముందంతా గాజు, లోపల రంగు లైట్లు ఉన్నవి షాపులో మెరిసిపోతాయి, గాలి మాత్రం లోపలికి పోదు. ముందు జాలీ ఉన్నదే తీసుకోవాలి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా బిగించాలి. రాయవరం, మండపేట వైపు రైస్ మిల్లుల పొట్టు బూడిద, దుమ్ము ఎక్కువ కాబట్టి ఊడదీసి కడిగే ఫిల్టర్ ఉండాలి. సిస్టమ్‌ని నేల మీద గానీ, టేబుల్ అరలో బిగించి గానీ పెట్టొద్దు.

ఎఫ్ అక్షరం చూసుకోండి

ఐ5-12400ఎఫ్ కొంచెం చవక. కానీ అందులో గ్రాఫిక్స్ ఉండదు, దాంతో క్విక్ సింక్ కూడా పోతుంది. ఫోన్లు, కెమెరాలు తీసే హెచ్.265 వీడియో టైమ్‌లైన్‌లో సాఫీగా కదలడానికి సాయపడేది అదే. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే డబ్బు ఇప్పుడే లేకపోతే ఎఫ్ లేనిదే తీసుకోవాలి. రైజెన్ 5 5600లోనూ గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తప్పనిసరి.

ర్యామ్ 16 జీబీ, అదీ 8 జీబీవి రెండు. ఏఐ డేటా సెంటర్ల డిమాండ్‌తో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, బడ్జెట్ వేసేటప్పుడు ఇది లెక్కలో ఉండాలి. ప్రాజెక్టులకు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, పాత పెళ్లిళ్లు దాచడానికి హార్డ్ డిస్క్. పవర్ సప్లై క్యాబినెట్‌తో ఊరికే వచ్చేది వద్దు, పేరున్న కంపెనీది 80 ప్లస్ బ్రాంజ్ తీసుకోండి. యూపీఎస్ లేకుండా ఎక్స్‌పోర్ట్ పెట్టడమంటే కరెంటు వాళ్ల దయ.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంటెల్ 8వ జనరేషన్ కంటే పాతది వద్దు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 వాటికి అధికారికంగా రాదు.

రాజమండ్రిలో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా డబ్బు కట్టే ముందు 20 నిమిషాల ఎక్స్‌పోర్ట్ నడిపించి, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డిగ్రీలు చూడండి. షాపు ఏసీలోనే 85 దాటితే కూలర్ అక్కడే విప్పించాలి. అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించేసిన సందర్భాలు తక్కువేం కాదు.