దెయ్యం గోటి గాట్లు

మాజ్దా కాస్మో స్పోర్ట్, మొదటి తరం ఆర్ఎక్స్-7. రెండూ రోటరీ ఇంజన్ కార్లే. పక్కపక్కన పెడితే పాత కార్లు సేకరించేవాళ్ళ కళ్ళు ముందు కాస్మో మీదే పడతాయి. 1967 నుంచి 1972 దాకా తయారైనవి 1,176 మాత్రమే. ఆర్ఎక్స్-7లు 1978-85 మధ్య నాలుగు లక్షల డెబ్భై వేలకు పైనే వచ్చాయి. దొరకనిదానికి ధరెక్కువ, అంతే కదా అనిపిస్తుంది. కానీ ఈ రెండు కార్ల కథ అంత తేలిగ్గా తెగదు.

మామూలు ఇంజన్లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. రోటరీలో, నడుం దగ్గర నొక్కుకున్న వేరుశనగకాయ లాంటి గదిలో పక్కలుబ్బిన త్రిభుజం తిరుగుతుంది. దాని మూడు మూలల్లో ఉండే సీళ్ళు గోడని వదలకూడదు, అలాగని గీరనూ కూడదు. కష్టమంతా అక్కడే. 1961లో జర్మన్ కంపెనీ ఎన్ఎస్‌యూతో లైసెన్సు ఒప్పందం చేసుకుని హిరోషిమా వాళ్ళు ఈ ఇంజన్ తెచ్చుకున్నారు. నడిపి చూస్తే లోపలి గోడల నిండా అలలు అలలుగా గాట్లు. వాటికి ‘దెయ్యం గోటి గాట్లు’ అని పేరు పెట్టుకున్నారు. చిన్న కార్ల కంపెనీలని పెద్దవాటిలో కలిపేయాలని జపాన్ ప్రభుత్వం చూస్తున్న రోజులవి. సొంతంగా బతకాలంటే ఎవరి దగ్గరా లేనిదేదో చేసి చూపించాలి. కెన్‌ఇచి యమమోటో బృందంలోని 47 మంది, అల్యూమినియం కలిపిన కార్బన్ సీళ్ళతో ఆ దెయ్యాన్ని వదిలించారు.

అలా వచ్చింది కాస్మో: 982 సీసీ, 110 హార్స్‌పవర్. 1968లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో 84 గంటల పందేనికి రెండు కాస్మోలు వెళ్ళాయి. ఒకటి నాలుగో స్థానంలో నిలిచింది. రెండోది చివరి గంటల్లో ఆగిపోయింది. దెబ్బతిన్నది ఇరుసు, ఇంజన్ కాదు.

అయితే 1973 చమురు సంక్షోభం వచ్చేసరికి పందెం గెలుపులు అక్కరకు రాలేదు. రోటరీ పెట్రోలు బాగా తాగుతుంది. అమెరికాలో అమ్మకాలు పడిపోయాయి, కంపెనీని బ్యాంకు ఆదుకోవాల్సి వచ్చింది. ఇక రోటరీ పనైపోయిందనుకోవడంలో తప్పేం లేదు. ఆ ఇంజన్నే పట్టుబట్టి, తక్కువ పెట్రోలుతో నడిచేలా సరిదిద్ది, 1978లో ఆర్ఎక్స్-7 తెచ్చారు. బరువు టన్ను చుట్టుపక్కల. చిన్న ఇంజన్ కాబట్టి ముందు ఇరుసుకి వెనకాల ఇమిడిపోయింది, అందుకే మలుపుల్లో అంత తేలిక. మధ్యతరగతి వాళ్ళు కూడా కొనగలిగిన స్పోర్ట్స్ కారు అది.

కొనేవాళ్ళు ఏ కారుకైనా చూడాల్సింది ఆ సీళ్ళనే. మామూలు కంప్రెషన్ గేజీ మూడు ముఖాల్లో అన్నిటికన్నా గట్టిదాన్నే చూపిస్తుంది. మూడింటినీ విడివిడిగా కొలిచే పరికరంతో చూపించుకోవాలి. కాస్మోకి విడిభాగాలు దొరకడం గగనం. ఆర్ఎక్స్-7కి ఆ బాధ తక్కువ, నడపడానికి మనసు వెనకాడదు.

రోటరీ సాధ్యమేనని చూపించింది కాస్మో. దాన్ని జనంలో బతికించింది ఆర్ఎక్స్-7. లక్షల్లో అమ్ముడవడం సేకరించేవాళ్ళ లెక్కలో లోపం కావచ్చు. చరిత్ర లెక్కలో మాత్రం దాని ఘనతే అది.