ఉద్వేగం - పౌరసత్వం: కంచ గచ్చిబౌలి నేపథ్యంలో చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
రాజకీయాల్లో ఉద్వేగం వివేకానికి విరోధి అనే అభిప్రాయం బలంగా ఉంది. నల్లగండ్లను ఆనుకొని ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయ చరిత్ర ఈ అభిప్రాయాన్ని ప్రశ్నిస్తుంది. అందులోని రెండు ఘట్టాల ఆధారంగా ఉద్వేగం పౌరచర్యగా మారే క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఉద్యమాల నుంచి విశ్వవిద్యాలయం:
1969లో తెలంగాణ విద్యార్థులను కదిలించింది ఉద్యోగాల లెక్క ఒక్కటే కాదు. పెద్దమనుషుల ఒప్పందంలోని హామీలు అమలు కాలేదన్న అవమానభావన కూడా. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సొంత రాజధానిలోనే పరాయివారమయ్యామన్న బాధ జై ఆంధ్ర ఉద్యమానికి ఊపిరి పోసింది. పరస్పర విరుద్ధమైన ఈ రెండు వేదనలకు పరిష్కారంగా 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. 32వ రాజ్యాంగ సవరణతో చేరిన 371-ఇ అధికరణం కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వీలు కల్పించగా, 1974లో అది ఏర్పడింది. అంటే ఈ విద్యాసంస్థ పుట్టుకకు మూలం ఉద్వేగమే.

3. నాలుగు వందల ఎకరాల వివాదం:
కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలపై ఐఎంజీ భారత సంస్థతో నడిచిన వ్యాజ్యం 2024 మేలో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి 30న, ఉగాది నాడు, అక్కడికి బుల్డోజర్లు వచ్చాయి. అడ్డుకున్న విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. నెమళ్ల అరుపులు వినిపించే వీడియోలు జనాన్ని కలచివేశాయి. కొన్ని దృశ్యాలు కృత్రిమ మేధతో కల్పించినవని ప్రభుత్వం వాదించింది. కేసులు కూడా నమోదయ్యాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు హైకోర్టు రిజిస్ట్రారు చేత క్షేత్రపరిశీలన చేయించింది. సుమారు 100 ఎకరాల్లో చెట్లు తొలగించారని, నెమళ్లు, జింకలు కనిపించాయని ఆ నివేదిక తెలిపింది. పనులు నిలిపివేయాలని న్యాయస్థానం ఆదేశించింది.

4. విశ్లేషణ:
అలంకారశాస్త్రం శోకాన్ని కరుణరసానికీ, క్రోధాన్ని రౌద్రరసానికీ స్థాయిభావాలుగా చెప్పింది. నాటకశాలలో అవి రసాస్వాదంతో సార్థకమవుతాయి. పౌరజీవితంలో అంతటితో సరిపోదు. అవి అర్జీగా, సాక్ష్యంగా, శాసనంగా రూపం మార్చుకోవాలి. కల్పిత చిత్రం కూడా నిజమైన కన్నీరు తెప్పించగలదు. కాబట్టి ఉద్వేగాన్ని పరీక్షకు పెట్టడం అవసరం. అయితే ఆ ఉద్వేగమే లేకుంటే పరీక్ష జరిపించే ప్రయత్నమూ ఉండదు. భూమి ఎవరిదన్న ప్రశ్నకు పత్రాలు జవాబు చెప్పాయి. ఆ భూమిపై బతికే ప్రాణుల సంగతేమిటన్న ప్రశ్నను మాత్రం శోకమే ముందుకు తెచ్చింది.

5. ముగింపు:
1973 నాటి ఆవేదన రాజ్యాంగంలో స్థానం పొంది స్థిరపడింది. 2025 ఏప్రిల్ నాటి ఆవేదనకు దక్కింది నిలుపుదల ఉత్తర్వు మాత్రమే. ఉద్వేగం పౌరుణ్ణి కదిలిస్తుంది. ఆ కదలిక ఫలితాన్ని నిలబెట్టేది వ్యవస్థ. ఈ రెండింటిలో ఏది లోపించినా పౌరసత్వం అసంపూర్ణమే.