చెడ్డ వార్త పైదాకా ఎలా వెళ్లింది?

నా మొదటి ఉద్యోగంలో మా బాస్ ఒక వారం క్వాలిటీ ముఖ్యం అనేవారు, ఇంకో వారం స్పీడ్, ఆ పై వారం ఖర్చు. మీటింగ్ అయ్యాక మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం, ఇంతకీ ఏం చెయ్యమన్నారని. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఈ కథ కూడా గుర్తొస్తుంది.

1987 అక్టోబర్, న్యూయార్క్. అమెరికాలోని పెద్ద అల్యూమినియం కంపెనీ ఆల్కోవాకి పాల్ ఓనీల్ కొత్త సీఈఓ. ఇన్వెస్టర్లతో మొదటి సమావేశం. లాభాల గురించి చెప్తారని అందరూ ఎదురుచూస్తుంటే, ఆయన కార్మికుల భద్రత గురించి మొదలుపెట్టారు. గాయాలు సున్నాకి రావాలి, అదే నా లక్ష్యం అన్నారు. ఆ హాల్లో అత్యవసర ద్వారాలు ఎక్కడున్నాయో కూడా చూపించారు. ఈయనకేమైనా పిచ్చా అనుకున్నవాళ్లున్నారు. ఒక ఇన్వెస్టర్ అయితే వెంటనే షేర్లు అమ్మేయమని తన క్లయింట్లకి చెప్పేశాడు.

మరి భద్రతే ఎందుకు? యూనియన్, మేనేజ్‌మెంట్ ఇద్దరూ కాదనలేని మాట అదొక్కటే. కరిగిన లోహం, భారీ యంత్రాల మధ్య పనిచేసేవాడికి ఆ మాట వివరించక్కర్లేదు.

ఆయన పెట్టిన రూల్ చాలా సింపుల్. ఎక్కడ ఎవరికి గాయమైనా 24 గంటల్లో నాకు తెలియాలి, మళ్లీ జరక్కుండా ఏం చేస్తారో కూడా చెప్పాలి. ఇక్కడే అసలు విషయం ఉంది. సీఈఓకి ఒక్క రోజులో తెలియాలంటే వైస్ ప్రెసిడెంట్‌కి ప్లాంట్ మేనేజర్ చెప్పాలి, ఆయనకి సూపర్‌వైజర్ చెప్పాలి, సూపర్‌వైజర్‌కి కార్మికుడు భయం లేకుండా చెప్పాలి. అంటే కింది నుంచి పైకి ఒక దారి పడింది. అదే దారిలో పని మెరుగుపరిచే ఐడియాలు కూడా పైకొచ్చాయి.

కొన్ని నెలలకే అరిజోనా ప్లాంట్‌లో ఒక యువ కార్మికుడు యంత్రం తగిలి చనిపోయాడు. ఓనీల్ తప్పు అతని మీదకి నెట్టలేదు. పెద్దల్ని కూర్చోబెట్టి, ఇది మన తప్పు, నాయకుడిగా నా తప్పు అన్నారు. 1996లో మెక్సికో ప్లాంట్‌లో కార్మికులు విషవాయువు పీల్చి జబ్బుపడితే, ఆ సంగతి పైకి చెప్పని సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ని తీసేశారు. సమస్య వచ్చినందుకు కాదు, దాచినందుకు.

2000 చివర్లో ఆయన వెళ్లిపోయేనాటికి, పని మానాల్సి వచ్చేంత గాయాలు 100 మందికి 1.86 నుంచి 0.2కి తగ్గాయి. వార్షిక లాభం ఆయన రాకముందుకంటే ఐదు రెట్లు!

ఇక నా సంగతి. మా ఆఫీసులో ఒక ప్రాజెక్ట్ ఆలస్యం అవుతోందని తెలిసి కూడా మూడు వారాలు దాచాం. క్లయింట్ వెళ్లిపోయాడు. దాచినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మా బాస్ చెడ్డవారేం కాదు. కానీ చెడ్డ వార్త చెప్తే ఏమవుతుందో మాకెప్పుడూ చెప్పలేదు.

మీరు రేపు టీమ్ లీడ్ అయితే, మొదటి రోజే ఆ ఒక్క మాట చెప్పండి. ఉంటాను.